తుడిచి మెరిపించిన ట్యాపెట్ నాకొద్దు

పాత ట్యాపెట్ కొనాల్సి వస్తే మురికిగా ఉన్నదే ఇమ్మని అడుగుతాను. ఈ మాటకి మన ఆటోనగర్‌లో చాలామంది నవ్వుతారు. డీజిల్‌లో నానేసి, వైరు బ్రష్షు పట్టి, పైన కాస్త ఆయిల్ పూసి, మిలమిలా మెరిసే సామాను ఎదురుగా పేర్చి ఉంటే, మూలన గోనెసంచిలో జిడ్డు కట్టి పడి ఉన్నదాన్ని ఏరుకునేవాణ్ని చూసి నవ్వకేం చేస్తారు. కానీ నా లెక్క వేరు. వాడిన ట్యాపెట్ ఏ ఇంజన్‌లోంచి వచ్చింది, అక్కడ ఎలా పనిచేసింది, ఇంకా పనికొస్తుందా అన్నదానికి సాక్ష్యమంతా దాని ఒంటి మీదే ఉంటుంది. బ్రష్షుతో రుద్దేస్తే సాక్ష్యం పోయి ఇనుము మిగులుతుంది. ఇనుముకి ట్యాపెట్ రేటు ఎందుకివ్వాలి?

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ట్యాపెట్ అంటే బొటనవేలంత ఇనప ముక్క. క్యామ్ షాఫ్ట్ అనే ఇరుసు తిరుగుతుంటే దాని మీద పొడుచుకొచ్చిన లోబు ట్యాపెట్‌ని పైకి ఎత్తుతుంది. ట్యాపెట్ పుష్ రాడ్ అనే కడ్డీని నెడుతుంది, పుష్ రాడ్ రాకర్ ఆర్మ్ అనే మీటని, రాకర్ ఆర్మ్ సిలిండర్‌లోకి దారి తెరిచే వాల్వుని. క్రాంకు (పిస్టన్లు తిప్పే పెద్ద ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి, ఇంజన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే ఒక్కో ట్యాపెట్ నిమిషానికి 1500 సార్లు లేచి కూర్చుంటుంది. వాల్వు స్ప్రింగు బలమంతా లోబుకీ ట్యాపెట్ అడుగుకీ మధ్య ఒక సన్నని గీతంత జాగాలో పడుతుంది. పుస్తకాల్లో లిఫ్టర్ అని రాసినా, షాపులో ట్యాపెట్ అని అడిగినా ఇదే.

షాపుకి వచ్చేవాళ్లు సాధారణంగా రెండు ప్రశ్నల్ని ఒకటి చేసి అడుగుతారు. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ముక్క తీసి బల్ల మీద పెట్టి, "అన్నా, ఇది జీపుదేనా? వేసుకోవచ్చా?" అంటారు. జీపుదేనా అన్నదానికి ఆకారం, కొలతలు చూసి చాలావరకు జవాబు చెప్పొచ్చు. వేసుకోవచ్చా అన్నదానికి అవి రెండూ చాలవు, అరుగుదల చదవాలి. అమ్మేవాళ్లు మొదటిదానికి ఠక్కున జవాబు చెప్పి, ఆ ఊపులో రెండోదానికి కూడా చెప్పేసినట్టు డబ్బులు తీసుకుంటారు. నా పేచీ అక్కడే.

ముందు ఆకారం సంగతి. అమెరికాలో పాత వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్లు బాగుచేసుకునేవాళ్లకి ఈ పని కాస్త సులువు. అక్కడ షెవర్లే ట్యాపెట్ 0.842 అంగుళాలు, ఫోర్డ్‌ది 0.875, క్రైస్లర్‌ది 0.904. మన కొలతలో సుమారు 21.4, 22.2, 23 మిల్లీమీటర్లు. వెర్నియర్ కొలబద్ద పెట్టగానే ఏ కంపెనీ కుటుంబంలోదో చాలావరకు తేలిపోతుంది. మనకి అంత సుఖం లేదు. ఒకే రేకు డబ్బాలో జీపు, అంబాసిడర్, ట్రాక్టరు, లారీ ట్యాపెట్లు కలగాపులగంగా పడి ఉంటాయి. అందుకే సైజు కంటే ముందు తలనీ అడుగునీ చూడాలి.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ట్యాపెట్ పైన నోరు తెరిచి, లోపల బోలుగా ఉంటుంది. పుష్ రాడ్ దాని లోపలికంటా దిగి కూర్చుంటుంది. బ్లాకు పక్కన సైడ్ కవర్లు విప్పితే పైనుంచే చేత్తో తీసుకోవచ్చు. పాత మహీంద్రా జీపుల్లో వచ్చిన హరికేన్ ఇంజన్‌ది ఇంకో తమాషా. ఆ 2.2 లీటర్ల ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. కాబట్టి ఒకే ఇంజన్‌లో రెండు రకాల ట్యాపెట్లు. ఇన్‌లెట్‌దానికి తల మీద పుష్ రాడ్ కూర్చునే గుంట ఉంటుంది. ఎగ్జాస్ట్‌దానికి గుంట బదులు అడ్జస్టింగ్ స్క్రూ ఉంటుంది, అది నేరుగా వాల్వు కాడకే తగులుతుంది. ఎనిమిదీ అచ్చంగా ఒకేలా ఉన్న సెట్టు తెచ్చి హరికేన్‌ది అని ఎవరైనా చేతిలో పెడితే, ఇక కొలవాల్సిన పని కూడా లేదు, అది హరికేన్‌ది కాదు.

లారీల వైపు వస్తే టాటా కమిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఉండేది మష్రూమ్ ట్యాపెట్. కాడ సన్నం, అడుగు వెడల్పు. అది పైనుంచి బయటికి రాదు. క్యామ్ లాగాలంటే పుష్ రాడ్ కన్నాల్లోంచి చెక్క పుల్లలు దింపి, ఒక్కో ట్యాపెట్‌లో బిగించి పైకి లాగి, రబ్బరు బ్యాండు వేసి ఆపాలి. లేకపోతే క్యామ్ బయటికి రాగానే ట్యాపెట్లన్నీ కిందికి జారిపోతాయి. కాబట్టి అలాంటి మష్రూమ్ ట్యాపెట్ ఒంటరిగా అమ్మకానికి కనిపించిందంటే ఎక్కడో ఒక ఇంజన్‌ని అడుగుదాకా విప్పారన్నమాట. మిగతా పదకొండూ ఏవి, క్యామ్ ఏది అని అడగండి. జవాబు చెప్పలేకపోతే బేరం మొదలుపెట్టొద్దు.

కార్లలో ఓవర్‌హెడ్ క్యామ్, అంటే హెడ్ మీదే క్యామ్, వచ్చాక ఈ కథ చాలావరకు మారిపోయింది. స్విఫ్ట్ డీజిల్ 1248 సీసీ ఇంజన్‌లో పుష్ రాడ్లే లేవు. రోలర్ ఉన్న రాకర్ కింద చిన్న హైడ్రాలిక్ అడ్జస్టర్ కూర్చుని ఉంటుంది. షిమ్ (సర్దుబాటు రేకు) లేని బకెట్ ఆకారపు ట్యాపెట్లు వాడే ఇంజన్లలో ట్యాపెట్ మందంతోనే గ్యాప్, అంటే వాల్వు దగ్గర ఉంచే సన్నని సందు, సెట్ చేస్తారు. పైకి అన్నీ కవలల్లా కనిపించినా మందం వేరు. వాటి గురించి ఇక్కడ ఇంతకంటే రాయను, ఎందుకంటే గోనెసంచుల్లో దొరికేవి ఎక్కువగా పుష్ రాడ్ ఇంజన్ల ట్యాపెట్లే.

సాలిడ్‌దా హైడ్రాలిక్‌దా అన్నది మాత్రం అందరూ తడబడే చోటు. సాలిడ్ అంటే లోపల కదిలే భాగాలు లేనిది, హైడ్రాలిక్ అంటే లోపల ఆయిల్ నింపుకుని గ్యాప్ తానే సర్దుకునేది. హైడ్రాలిక్‌దానికి తల లోపల, గుంట అంచున సన్నని వైరు క్లిప్పు కనిపిస్తుంది. దాని కింద ప్లంజరు, ప్లంజరు కింద స్ప్రింగు, ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే చిన్న చెక్ వాల్వు ఉంటాయి. పక్కన ఆయిల్ కన్నం ఉంటుంది, కానీ కన్నం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, కొన్ని సాలిడ్ ట్యాపెట్లకి కూడా ఉంటుంది. పాత పుష్ రాడ్ ఒకటి గుంటలో ఆనించి నొక్కితే ఆయిల్ ఖాళీ అయిన ప్లంజరు స్ప్రింగు మీద కిందికి దిగి మళ్లీ లేస్తుంది. ఆయిల్ నిండుగా ఉన్నది గట్టిగా నిలబడుతుంది. చిక్కు ఎక్కడంటే, ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఇంజన్‌లోది లోపల కాలిన ఆయిల్ వార్నిష్‌లా కట్టి బిగుసుకుపోయి ఉంటుంది, అదీ గట్టిగానే నిలబడుతుంది. బయటికి సాలిడ్‌లా నటిస్తుంది. ఇలాంటప్పుడు క్లిప్పు ఉందా లేదా అన్నదే చూసుకోవాలి. బుల్లెట్ మోజున్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ట్యాపెట్ గ్యాప్ చేత్తో సెట్ చేసేవాళ్లం. 2009 ప్రాంతంలో వచ్చిన యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే డబ్బాలో ఉండే) ఇంజన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు పెట్టారు, ఆ పని తప్పింది. రెండు కాలాల సామానూ ఇప్పుడు ఒకే బల్ల మీద కలిసి అమ్ముతున్నారు.

ఇక మురికి దగ్గరికొస్తాను. జిడ్డు ట్యాపెట్‌ని గుడ్డతో మెల్లగా అద్ది, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూడండి. బాడీ మీద రెండు మూడు పట్టీలు కనిపిస్తాయి. బ్లాకులోని కన్నంలో ఆడిన భాగం తెల్లగా, నున్నగా ఉంటుంది. కన్నం దాటి పైకి, కిందికి బయటపడిన భాగం మీద ఆయిల్ కాలి టీ డికాక్షన్ రంగులో పొర కట్టి ఉంటుంది. ఆ రెండు రంగులు కలిసే గీత దగ్గర స్కేలు పెట్టి కొలిస్తే, అది ఎంత పొడవున్న కన్నంలో కూర్చుందో, ఎంత ఎత్తు లేచిందో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. మీ బ్లాకులో కన్నం పొడవు కొలిచి దీనితో పోల్చండి. సైజు సరిపోయి, పట్టీలు సరిపోకపోతే అది అదే సైజున్న వేరే ఇంజన్ ట్యాపెట్. వైరు బ్రష్షు మొట్టమొదట తీసేసేది ఈ పట్టీలనే.

దీనికంటే పెద్ద కథ అడుగున ఉంటుంది. పెద్ద మెకానిక్‌లలో కూడా చాలామంది ట్యాపెట్ అడుగు సమతలంగా ఉంటుందనే అనుకుంటారు. క్యామ్ లోబుకి సన్నని వాలు ఇచ్చి గ్రైండ్ చేసే ఇంజన్లలో ట్యాపెట్ అడుగు కొద్దిగా ఉబ్బెత్తుగా చేస్తారు. ఆ ఉబ్బు కంటికి కనిపించేది కాదు. 22 మిల్లీమీటర్ల ట్యాపెట్‌కి 50 అంగుళాల రేడియస్‌తో ఉబ్బు తీస్తే మధ్యకీ అంచుకీ తేడా 0.05 మిల్లీమీటరు కూడా ఉండదు, అంటే రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) లోపే. ఆ రెండు థౌ కోసమే ఇంత గొడవ. లోబు వాలు, అడుగు ఉబ్బు కలిసి తాకిడిని మధ్య నుంచి కాస్త పక్కకి జరుపుతాయి. దాంతో ట్యాపెట్ ఎత్తబడిన ప్రతిసారీ తన చుట్టూ తాను కొద్దిగా తిరుగుతుంది. తిరిగితే అరుగుదల అంతటా సమానంగా పడుతుంది. తిరగడం ఆగితే ఒకే గీత మీద లోబు రుద్దుకుని కొన్నాళ్లకే రెండూ పోతాయి. కొన్ని ఇంజన్లలో అడుగు సమతలంగానే ఉంచి, లోబుని ట్యాపెట్ మధ్యకి కాస్త పక్కన పెట్టి ఇదే పని చేయిస్తారు. కాబట్టి మీ ఇంజన్ ఏ పద్ధతిదో ముందు తెలుసుకోవాలి.

చెప్పు అడుగు చూసి మనిషి నడక చెప్పినట్టే, ట్యాపెట్ అడుగు చూసి అది తిరిగిందో లేదో చెప్పొచ్చు. తిరిగినదాని మీద మచ్చలు వలయాలుగా, గుండ్రంగా పరుచుకుని ఉంటాయి. తిరగనిదాని మీద ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డంగా ఒక బాట పడి ఉంటుంది. గోటితో ఆ బాట మీద అడ్డంగా గీస్తే అంచు దగ్గర గోరు ఆగుతుంది. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. సూది పొడిచినట్టు చిన్న గుంటలున్నది, అంచు నుంచి పెచ్చు లేచినది కూడా అంతే, అది లోహం అలిసిపోయిందనడానికి గుర్తు. ఇవేవీ లేకుండా అంతా నున్నగా ఉంటే రెండు ట్యాపెట్లని అడుగుకి అడుగు ఆనించి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని కొంచెం ఊపి చూడండి. ఉబ్బు మిగిలి ఉంటే అవి ఒకదాని మీద ఒకటి రవ్వంత ఊగుతాయి, అంచుల దగ్గర సన్నగా వెలుతురు కనిపిస్తుంది. ఊగకుండా అంచుల దగ్గర అతుక్కుంటే ఉబ్బు పోయిందని, అడుగు గుంట పడి ఉండొచ్చని. ఉబ్బెత్తుగా ఉండాల్సిన ఇంజన్‌దైతే ఆ ట్యాపెట్ పని అయిపోయినట్టే. స్టీలు స్కేలు అంచు నిలబెట్టి కూడా ఇదే చూడొచ్చు, స్కేలు కింద నడుమ వెలుతురు దూరితే గుంటే, కానీ స్కేలు మంచిదై ఉండాలి, పిల్లల జామెట్రీ బాక్సులోది కాదు.

లేత్ పని చేసే పెద్దాయన ఒకరు నాతో ఎప్పుడూ వాదిస్తారు. "మురికి చూసి జాతకం చెప్తావేంటయ్యా, మైక్రోమీటర్ పెట్టు, నంబరు చెప్పు" అంటారు. "బాబాయ్, మైక్రోమీటర్ నడుము కొలుస్తుంది, రోగం పాదంలో ఉంది" అంటాను నేను. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. కన్నంలో ట్యాపెట్ ఎంత వదులుగా ఉందో మైక్రోమీటరే చెప్పాలి, కంటితో తేలదు. కానీ ట్యాపెట్లు నడుము అరిగి చావడం తక్కువ. బాడీ సైజు కొత్తదానిలా ఉండి అడుగు గుంట పడినవి ఎన్ని కావాలంటే అన్ని చూపిస్తాను.

చూపు చెప్పలేనివి కూడా ఉన్నాయి, వాటిని దాచను. ఒకటి, పుష్ రాడ్ కూర్చునే గుంట లోతు. బయటి పొడవు, బయటి సైజు రెండూ కలిసినా గుంట మిల్లీమీటరు లోతుగా ఉంటే పుష్ రాడ్ పొట్టిదైనట్టే లెక్క. రాకర్ స్క్రూ తిప్పి సర్దేస్తారు, రాకర్ కదిలే కోణం చెడుతుంది. గుంటలో ఒక బేరింగ్ గుండు పెట్టి, గుండు పైభాగం నుంచి అడుగుదాకా కొలిచి, పాతదానితో పోల్చుకోవాలి. రెండు, హైడ్రాలిక్ లోపలి సంగతి. చెక్ వాల్వు ఆయిల్‌ని పట్టి ఉంచుతుందా లేదా అన్నది విప్పి, కడిగి, లీక్ డౌన్ (ఆయిల్ ఎంత వేగంగా కారుతుందో) చూస్తేగానీ తెలియదు. మూడు, గట్టిదనం. చాలా ట్యాపెట్ల అడుగు చల్లార్చి గట్టిపరిచిన పోత ఇనుము. ఆ గట్టి పొర కొంత లోతు వరకే ఉంటుంది. దాన్ని ఎవరైనా గ్రైండ్ చేసి తీసేశారా అన్నది మెరుపు వెనక దాక్కుంటుంది.

ఈ మూడోదాని మీదే నాకు కోపం. పోయిన వేసవిలో ఉయ్యూరు వైపు నుంచి ఒకాయన పాత జీపు ఇంజన్ తెచ్చారు. స్టార్ట్ చేస్తే టకటకమని చప్పుడు. గ్యాప్ సెట్ చేయించిన వారానికే మళ్లీ చప్పుడట, మళ్లీ సెట్ చేయించడమట. బండి ఎత్తు ఎక్కడం లేదు. ఎక్కడో ఒక షాపులో పాత ట్యాపెట్లు కొని వేయించుకున్నారు. "కొత్తవాటిలాగే ఉన్నాయండీ, అద్దంలా మెరిశాయి, అందుకే తీసుకున్నా" అన్నారు. విప్పి చూస్తే రెండు లోబుల ముక్కులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. సంప్ (ఇంజన్ అడుగు తొట్టి)లో ఆయిల్‌ని అయస్కాంతంతో కలిపితే నల్లటి పొడి అంటుకుని వచ్చింది. అరగని ట్యాపెట్ ఒకటి తీసి, అడుగుని భూతద్దం కింద పెట్టాను. గుండ్రటి గుర్తులు ఒక్కటి లేవు. ఈ అంచు నుంచి ఆ అంచుకి వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకి, ఒకదాని పక్కన ఒకటి. సర్ఫేస్ గ్రైండర్ మీద పెట్టి లాగినవాటికే అలాంటి గీతలు పడతాయి. పాత గుంటలు పోవాలని అడుగు సాపు చేసేశారు. సాపు చేయడంతో ఉబ్బూ పోయింది, ఉండాల్సిన గట్టి పొర ఎంత పోయిందో దేవుడికే ఎరుక. ట్యాపెట్ అడుగు మళ్లీ గ్రైండ్ చేయడం తప్పేమీ కాదు, దానికి రేడియస్ వచ్చేలా తిప్పి గ్రైండ్ చేసే మిషను ఉంటుంది. అది లేనివాళ్లు సాపు చేసి అమ్మడం తప్పు. కొనేటప్పుడే అడుగు మీద ఆ గీతలు చూసి ఉంటే ఆయనకి క్యామ్ ఖర్చు తప్పేది. అయితే జనానికి మెరుపు నాణ్యత అని నేర్పింది అమ్మేవాళ్లే కాబట్టి ఆ నింద ఆయన మీద వేయలేను.

షాపులవాళ్లు చెప్పే జవాబు నాకు తెలుసు. "మురికిగా పెడితే కొనేదెవరు గురూ?" నిజమే, జనం కొనరు. కానీ మురికిగా పెట్టమని కాదు నేనడిగేది. పైపైన జిడ్డు తుడవండి, డీజిల్‌తో కడగండి, కడిగితే పట్టీలు పోవు, అడుగు మీద గుర్తులు పోవు. వైరు బ్రష్షు, ఎమరీ పేపరు మాత్రం వద్దు. ఇంకోటి, విప్పేటప్పుడే ఒక గుడ్ల ట్రే తెచ్చుకుని, స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసి, ఏ లోబు ట్యాపెట్‌ని ఆ గుంటలో పెట్టండి. ఆటోనగర్‌లో గుడ్ల ట్రేలకి కరువేమీ లేదు, ప్రతి టిఫిన్ బండి వెనకా గుట్టలుగా పడి ఉంటాయి.

ఈ వరస ఎందుకంత ముఖ్యమంటే, అడుగు రుద్దుకునే ట్యాపెట్ ఏ లోబుతో అరిగిందో ఆ లోబుకే పనికొస్తుంది. రెండూ ఒకదానికొకటి అరుగుతూ కుదురుకుంటాయి. మంచి ట్యాపెట్, మంచి క్యామ్, రెండూ వాడినవే, కానీ జతలు మారిపోతే రెండూ పోయే ప్రమాదం ఉంది. వాడిన ట్యాపెట్లని కొత్త క్యామ్ మీద వేయడం అంతకంటే పెద్ద ప్రమాదం. కాబట్టి సెట్టు విడిగా ఎంత బాగున్నా నా దృష్టిలో సగం సామానే. క్యామ్‌తో కలిపి, నంబర్ల వరసలో ఇస్తే పూర్తి సామాను. అడుగున చక్రం ఉండే రోలర్ ట్యాపెట్లకి మాత్రం ఇంత పట్టింపు లేదు. చక్రం మీద గుంటలు లేకుండా, ఇరుసు దగ్గర పక్క ఊపు లేకుండా, తిప్పితే గరగర లేకుండా ఉంటే వేరే క్యామ్ మీద కూడా వాడుకోవచ్చు.

క్యామ్‌తో జత దొరకనప్పుడు నేను చెప్పేది ఒకటే, క్యామూ ట్యాపెట్లూ రెండూ కొత్తవి వేసుకోండి. ఉయ్యూరాయన చివరికి అదే చేశారు. వేసేటప్పుడు లోబులకీ, ట్యాపెట్ అడుగులకీ అసెంబ్లీ పేస్టు పూయాలి. ఆయిల్ విషయం కూడా చూసుకోవాలి. లోబుకీ ట్యాపెట్‌కీ మధ్య కాపలా ఉండేది ఆయిల్‌లో కలిపే జింకు, ఫాస్ఫరస్‌ల మందు. క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌ఎమ్ తరగతిలో పలచటి గ్రేడుల ఆయిల్‌కి ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి కట్టడి చేశారు. కొత్త కార్లకి అది సరే. పాత జీపు కొత్త క్యామ్‌కి ఆ పలచటి కొత్త తరం పెట్రోల్ ఆయిల్ పోయకండి. ఇంకో సంగతి, చాలా ఇంజన్లలో లోబులకి ఆయిల్ అందేది క్రాంకు తిరుగుతూ చిమ్మితేనే. ఐడిల్‌లో ఆ చిమ్మడం చాలదు. అందుకని మొదటిసారి స్టార్ట్ కాగానే ఐడిల్‌లో వదిలేయకుండా, 2000 ఆర్‌పీఎం తగ్గకుండా 20 నిమిషాలు నడపాలి, మధ్యమధ్య కాస్త పైకీ కిందికీ మారుస్తూ. టైమింగు, కార్బురేటర్, నీళ్లు, ఆయిల్ అన్నీ ముందే సరిచూసుకోవాలి, పదేపదే సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే పూసిన పేస్టు అక్కడే తుడిచిపెట్టుకుపోతుంది. మే నెల ఎండలో విజయవాడలో ఈ పని పెట్టుకుంటే తెల్లవారుజామునే పెట్టుకోండి, రేడియేటర్ ముందు ఒక పెద్ద ఫ్యాను కూడా ఉంచండి.